'కాంట్ హెల్ప్' అంటే సాయం చేయలేనని కాదు

ప్రశ్న: మాది హనుమకొండ. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. బీకాం అయ్యాక హైదరాబాద్‌లో ఒక కంపెనీలో కస్టమర్ సపోర్ట్‌లో చేరాను, అమెరికా కస్టమర్లతో చాట్ చేయాలి. మొన్న ఒకాయన "ఐ కాంట్ హెల్ప్ థింకింగ్ యు ఆర్ ఎ రోబో" అని పెట్టాడు. తను సాయం చేయలేనంటున్నాడేమో అనుకుని "నో ప్రాబ్లం సర్, ఐ విల్ హెల్ప్ యు" అని జవాబిచ్చాను. టీమంతా ఒకటే నవ్వు. "ప్లీజ్ డూ వన్ హెల్ప్ టు మీ" అని ఒకసారి అన్నందుకు మా లీడ్ అప్పటికే నన్ను 'వన్ హెల్ప్' అని పిలుస్తున్నాడు. ఈ గొడవంతా ఎందుకు, 'హెల్ప్' మానేసి 'అసిస్ట్' వాడుకో, మర్యాదగా కూడా ఉంటుంది అని ఒక సీనియర్ అక్క చెప్పింది. నిజమేనా? 'హెల్ప్' తర్వాత 'టు' రావాలా, వద్దా? అసలు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఇంకొకటి, కస్టమర్ థ్యాంక్స్ చెప్తే రోజూ 'వెల్‌కమ్' అనే పెడుతున్నాను. వేరే ఏమైనా అనొచ్చా?

సమాధానం:

ముందు ఆ రోబో సంగతి తేల్చేద్దాం. ఆయన అన్నది "నువ్వు రోబోవేమో అని అనుకోకుండా ఉండలేకపోతున్నా" అని. దానికి మీరు "పర్వాలేదు సార్, నేను సాయం చేస్తాను" అన్నారు. రోబో అయినా అదే అంటుంది కదా! టీం నవ్విందంటే మీ ఇంగ్లీషుకి కాకపోవచ్చు, ప్రశ్నా జవాబూ అంత చక్కగా కుదిరినందుకు నవ్వి ఉంటారు. ఉత్తరం చదువుతుంటే నాకూ నవ్వు ఆగలేదు. ఆ 'నవ్వు ఆగలేదు' అన్నదాన్నే ఇంగ్లీషులో "ఐ కుడ్ నాట్ హెల్ప్ లాఫింగ్" అంటారు.

గుర్తు ఏంటంటే, 'హెల్ప్' ముందు 'కాంట్' గానీ 'కుడ్ నాట్' గానీ ఉండి, వెంటనే వెనకాల 'ఇంగ్'తో ముగిసే మాట వస్తే అక్కడ సాయం కోసం వెతక్కండి. అక్కడ దాని అర్థం ఆపుకోవడం, మానడం. "షీ కుడ్ నాట్ హెల్ప్ క్రయింగ్" అంటే ఏడుపు ఆపుకోలేకపోయింది. "ఐ కాంట్ హెల్ప్ ఇట్" అంటే నా చేతుల్లో లేదు, ఎంత అనుకున్నా ఆగట్లేదు. "ఇట్ కాంట్ బి హెల్ప్డ్" అంటే కరెంటు పోయినప్పుడు, బస్సు తప్పిపోయినప్పుడు మనం "ఏం చేస్తాం మరి" అంటామే, సరిగ్గా అది. అదే 'కాంట్ హెల్ప్' తర్వాత మనిషి వచ్చి వాక్యం అక్కడితో ఆగిపోతే, "ఐ కాంట్ హెల్ప్ యు" అంటే, అది మీరనుకున్న అర్థమే, నిజంగానే సాయం చేయలేనని. కాబట్టి 'కాంట్' చూసి కంగారు పడకుండా ఇంకో మాట ముందుకి చదవండి, మనిషి వచ్చాడా పని వచ్చిందా అని. 'ఇంగ్' బదులు "కాంట్ హెల్ప్ బట్ థింక్" అని కూడా రాస్తారు, అర్థంలో తేడా లేదు. ఒకప్పుడు వ్యాకరణం పట్టింపున్నవాళ్ళు ఆ 'బట్' చూస్తే మండిపడేవాళ్ళు గానీ ఇప్పుడు అందరూ వాడుతున్నారు.

మీ పనిలో ఇది ఎక్కువగా తగిలేది ఫిర్యాదుల్లో. "ఐ కుడ్ నాట్ హెల్ప్ నోటిసింగ్" అని మొదలుపెట్టాడంటే ఆ కస్టమర్ మర్యాదస్తుడు. నేనేం పని గట్టుకుని వెతకలేదండీ, ఊరికే కంటపడింది, బిల్లులో ఒకే ఛార్జి రెండుసార్లు పడింది అంటున్నాడన్నమాట. గొంతు పెంచకుండా తప్పు ఎత్తి చూపించే పద్ధతి అది. అలాంటివాళ్ళకి వెంటనే "సారీ" చెప్పి ఆ బిల్లు తెరిచి చూడటమే జవాబు.

సాయానికీ ఆపుకోవడానికీ ఏంటి సంబంధం అంటారా? మధ్యలో మందు ఉంది. జబ్బుకి 'హెల్ప్' చేయడమంటే నయం చేయడం. "దిస్ టాబ్లెట్ విల్ హెల్ప్ యువర్ హెడేక్" అన్నప్పుడు ఆ మాత్ర తలనొప్పికి సాయంపట్టి ఇంకా పెంచుతుందని కాదుగా, తగ్గిస్తుందని. జబ్బుకి విరుగుడు కాస్తా ఏ కష్టానికైనా విరుగుడు అయింది, విరుగుడు నుంచి అసలు జరగకుండా చూడటం అనే అర్థం వచ్చింది. అది జరగకుండా చూడటం నా వల్ల కాదు అన్నదే 'కాంట్ హెల్ప్'. ఈ వాడుక పుట్టి నాలుగు వందల ఏళ్ళ పైమాటే కాబట్టి ఇదేదో కుర్రకారు యాస అనుకోకండి. పెద్ద పెద్ద వాళ్ళ రచనల్లోనూ ఉంటుంది.

ఇక 'వన్ హెల్ప్'. ఈ తప్పు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మళ్ళీ చేయరు, పైగా సిగ్గుపడాల్సిన పని కూడా ఉండదు. తెలుగులో సాయం అనేది నామవాచకం, దానికి 'చేయి' తగిలిస్తేనే పని జరుగుతుంది. ఒక సాయం చేస్తావా, రెండు సాయాలు అడిగాడు, చిన్న సాయం కావాలి, ఇవన్నీ చక్కటి తెలుగు. 'హెల్ప్' మన భాషలోకి వచ్చినప్పుడు సాయం కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. కాల్ చేయి, సేవ్ చేయి, హెల్ప్ చేయి. ఇంగ్లీషు క్రియ ఏది వచ్చినా దాన్ని పేరుగా మార్చేసి పక్కన 'చేయి' పెట్టడం మన అలవాటు. అందుకే "అన్నా, ఒక హెల్ప్ చేస్తావా" అనేది తప్పు ఇంగ్లీషు కాదు, అది ఒప్పు తెలుగు. మీ క్యాబ్ డ్రైవరుతోనో పక్క సీటు అమ్మాయితోనో నిక్షేపంగా అనండి. ఆ వాక్యం మొత్తాన్ని ఎత్తి ఇంగ్లీషులో పెట్టినప్పుడే తేడా కొడుతుంది, ఎందుకంటే అక్కడ 'హెల్ప్' తనే క్రియ, దానికి 'డూ' అక్కర్లేదు. నామవాచకంగా వాడినా లెక్కపెట్టే వస్తువు కాదు, నీళ్ళని ఒకటి రెండు అని లెక్కపెట్టనట్టే. "ఐ నీడ్ సమ్ హెల్ప్" అనాలి గానీ "ఎ హెల్ప్", "టూ హెల్ప్స్" అనకూడదు. మీకు అచ్చంగా 'ఒక సాయం' అన్న ధ్వనే కావాలంటే దానికి వేరే మాట ఉంది, "కెన్ యు డూ మి ఎ ఫేవర్". ఇక్కడ 'డూ' ఉంది, 'ఒకటి' ఉంది, మీరనాలనుకున్నదంతా ఉంది. చిన్న మినహాయింపు ఒకటి, మనిషిని మెచ్చుకునేటప్పుడు "యు హావ్ బీన్ ఎ గ్రేట్ హెల్ప్" అంటారు. అక్కడ 'ఎ' ఒప్పే, ఎందుకంటే లెక్కపెడుతున్నది సాయాన్ని కాదు, మనిషిని.

తర్వాత ఆ 'టు మీ'. ఇది ఇంకా ఆసక్తిగా ఉంటుంది, మీరడిగిన పుట్టుక సంగతి కూడా ఇక్కడే వస్తుంది కాబట్టి కాస్త ఓపికగా చదవండి. తెలుగులో సాయం ఎవరికి? నాకు. ఆ 'కు' మనసులో ఉండిపోయి ఇంగ్లీషులో 'టు' అయి బయటికొస్తుంది. తమాషా ఏంటంటే వెయ్యేళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళు కూడా దాదాపు ఇలాగే అనేవాళ్ళు. పాత ఇంగ్లీషులో ఈ క్రియ 'హెల్పన్'. దాని పక్కన వచ్చే మనిషి 'నన్ను' అనే రూపంలో కాకుండా 'నాకు' లాంటి రూపంలో వచ్చేవాడు, ఒక్కోసారి 'నా యొక్క' లాంటి షష్ఠీ రూపంలో కూడా. తర్వాత ఇంగ్లీషులో విభక్తులు అరిగిపోయి 'నన్ను', 'నాకు' రెండూ కలిసి ఒక్క 'మీ' అయి కూర్చున్నాయి. ఆ 'మీ'లోనే మన 'కు' ఉంది, మళ్ళీ 'టు' పెడితే రెండుసార్లు అన్నట్టు.

ఇంగ్లీషుకి చుట్టమైన జర్మన్ మాత్రం ఆ విభక్తిని ఇప్పటికీ వదల్లేదు. జర్మన్లో సాయం చేయడం 'హెల్ఫెన్'. నాకు సాయం చేయి అనాలంటే "హిల్ఫ్ మియర్" అనాలి, 'మియర్' అంటే నాకు. నన్ను అనే అర్థమిచ్చే 'మిష్' పెడితే తప్పు. ఎమ్మెస్ చేయడానికి జర్మనీ వెళ్ళిన మనవాళ్ళని అడిగి చూడండి. ఇంగ్లీషు అలవాటులో ఉన్నవాళ్ళు ఇక్కడ తడబడతారు, అదే తెలుగులో ఆలోచిస్తే సరిగ్గా వచ్చేస్తుంది. అంటే మిమ్మల్ని హైదరాబాద్‌లో నవ్వులపాలు చేసిన ఆలోచనే బెర్లిన్‌లో మార్కులు తెచ్చిపెడుతుంది.

మీరున్నది ఇంగ్లీషు చాట్‌లో కాబట్టి ఒక కిటుకు చెప్తాను. 'హెల్ప్' అనగానే మనసులో 'సాయం చేయి' అనుకోకండి, 'ఆదుకో' అనుకోండి. నాకు సాయం చేయి అంటాం, కానీ నాకు ఆదుకో అనం, నన్ను ఆదుకో అంటాం. అక్కడ 'కు' లేదు, 'చేయి' లేదు, 'ఒక' పెట్టడానికి చోటు కూడా లేదు. "హెల్ప్ మి", "హెల్ప్ హర్", "హెల్ప్ ద కస్టమర్". మీ మూడు తప్పులూ ఆ ఒక్క మాటతో పోతాయి. అర్థంలో 'ఆదుకో' కాస్త బరువైన మాటే, ప్రింటర్ ఆగిపోతే ఆదుకోమని ఎవరూ అనరు. మనకి ఇక్కడ కావాల్సింది వాక్యం అచ్చు మాత్రమే.

మనిషి తర్వాత ఏం రావాలన్నది రెండో మెట్టు. వస్తువో విషయమో అయితే మధ్యలో 'విత్' పెట్టాలి. "హెల్ప్ మి విత్ దిస్ టికెట్", "హెల్ప్ యు విత్ యువర్ రీఫండ్". "హెల్ప్ మై హోంవర్క్" అంటే హోంవర్క్ అనే ఆవిడకెవరికో సాయం చేయమన్నట్టు ఉంటుంది. పని అయితే ఆ క్రియని ఉత్తదిగా పెట్టేయండి, "హెల్ప్ మి ఫైండ్ ద ఆర్డర్". మీరడిగిన 'టు' ఇక్కడే వస్తుంది. "హెల్ప్ మి టు ఫైండ్" కూడా ఒప్పే, "హెల్ప్ మి ఫైండ్" కూడా ఒప్పే. బ్రిటన్‌లో 'టు' పెట్టేవాళ్ళు ఇప్పటికీ బాగానే ఉన్నారు, అమెరికాలో ఎక్కువమంది తీసేస్తారు. మీ కస్టమర్లు అమెరికావాళ్ళు కాబట్టి తీసేయండి, వాక్యం తేలిగ్గా ఉంటుంది. 'టు' తప్పనిసరిగా ఉండాల్సిన చోటు ఒకటుంది. ఎవరు చేశారో పక్కకి పోయి, సాయం అందుకున్న మనిషి ముందుకొచ్చినప్పుడు, "హి వాజ్ హెల్ప్డ్ టు స్టాండ్" లాంటి వాక్యాల్లో, దాన్ని తీసేస్తే వాక్యం కూలిపోతుంది. చాట్‌లో ఇలాంటివి మీకు పెద్దగా రావు. "హెల్ప్ మి ఫైండింగ్" అని మాత్రం ఎప్పుడూ రాయకండి. 'ఇంగ్' అనేది పైన చెప్పిన 'కాంట్ హెల్ప్'తో వచ్చేది, మామూలు సాయంలోకి తీసుకురావద్దు.

పుట్టుక సంగతి సగం చెప్పాను, మిగతా సగం ఇది. ఇది ఇంగ్లీషులో ఎక్కడి నుంచో తెచ్చుకున్న మాట కాదు, ఆ భాష పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఉన్నదే. డచ్‌లో 'హెల్పెన్', స్వీడిష్‌లో 'యెల్పా', జర్మన్లో ఇందాక చెప్పిన 'హెల్ఫెన్', అందరూ ఒక తల్లి పిల్లలు. ఒకప్పుడు దీని భూతకాలం 'హెల్ప్డ్' కాదు. 'సింగ్, సాంగ్, సంగ్' మారినట్టు ఇది కూడా లోపలి అచ్చు మార్చుకునేది, ఆఖరి రూపం 'హోల్పెన్'. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లో ఆ 'హోల్పెన్' అలాగే ఉంది, లూకా సువార్త మొదటి అధ్యాయంలో మరియ పాడే స్తుతిలో. ఆ తర్వాత నెమ్మదిగా అందరితో పాటు ఇదీ చివర 'ఎడ్' తగిలించుకుని దారిలోకొచ్చింది. అమెరికా దక్షిణాది కొండ ప్రాంతాల యాసలో మాత్రం 'హోల్ప్' చాలాకాలం బతికే ఉంది.

బైబిల్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, 'ఐ కాంట్ హెల్ప్' అన్నమాట. ఆదికాండం రెండో అధ్యాయంలో ఆదాము ఒంటరిగా ఉండటం మంచిది కాదని దేవుడు అనుకునే చోట ఆ ఇంగ్లీషు బైబిల్లో "యాన్ హెల్ప్ మీట్ ఫర్ హిమ్" అని ఉంటుంది. అక్కడ 'మీట్' అంటే కలవడం కాదు, పాత ఇంగ్లీషు వాడుకలో తగిన, సరిపడిన అని. మన తెలుగు బైబిల్ ఆ చోట 'సాటియైన సహాయము' అంది, ఎంత చక్కగా కుదిరిందో చూడండి. క్రైస్తవుల పెళ్ళిళ్ళలో ఈ మాట మీరు వినే ఉంటారు. ఇంగ్లీషువాళ్ళు మాత్రం ఆ రెండు మాటల మధ్య ఖాళీని మర్చిపోయి 'హెల్ప్‌మీట్' అని ఒకే మాట చేసేశారు, భార్య అనే అర్థంలో. తర్వాత ఆ 'మీట్' ఏంటో అర్థం కాక 'హెల్ప్‌మేట్' చేశారు. పొరపాటున చదివిన మాట డిక్షనరీ ఎక్కింది. ఇంగ్లీషు తమ సొంత భాష అయినవాళ్ళ సంగతే ఇది. మీ లీడ్‌కి ఈ ముక్క చెప్పండి కావాలంటే, అలాగే పక్కకి పిలిచి "నా పేరు పెట్టి పిలవండి సార్" అని కూడా ఒకసారి సూటిగా చెప్పండి. నవ్వుతూ ఊరుకుంటే ఆ పేరు స్థిరపడిపోతుంది.

ఇప్పుడు అక్క గారి 'అసిస్ట్'. ఆవిడ మంచి మనసుతోనే చెప్పారు గానీ నేను ఒప్పుకోను. 'అసిస్ట్' లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. 'అద్' అంటే దగ్గర, 'సిస్తెరె' అంటే నిలబడటం. పక్కన నిలబడటమే అసలు అర్థం. ఈ 'సిస్తెరె', సంస్కృతంలో 'తిష్ఠతి' ఒకే వేరు నుంచి వచ్చినవి, మన స్థానం, స్థితి, ఆఖరికి చుట్టాలు వచ్చి తిష్ఠ వేశారంటామే ఆ తిష్ఠ కూడా ఆ వంశమే. ఫ్రెంచిలో 'అసిస్తే' అంటే ఇప్పటికీ సభకో పెళ్ళికో హాజరవడం అనే అర్థం ఉంది, స్పానిష్‌లోనూ అంతే. ఇంగ్లీషులో హాజరు పోయి సాయం మిగిలింది. అయినా పక్కన నిలబడే గుణం పోలేదు. పని నడిపేవాడు ఒకడు, అందించేవాడు ఇంకొకడు. ఆపరేషన్ చేసేది సర్జన్, అసిస్ట్ చేసేది జూనియర్. ఫుట్‌బాల్‌లో గోల్ ఒకడిది, బంతి అందించినవాడిది అసిస్ట్.

అందుకే అది అన్నిచోట్లా 'హెల్ప్' బదులు కూర్చోదు. రోడ్డు మీద పడిపోయిన మనిషి "అసిస్ట్!" అని అరవడు. మన దగ్గర ఆ మాటకి హోదా రావడానికి ఆఫీసు బల్లలు కారణం అనుకుంటా. జూనియర్ అసిస్టెంట్, సీనియర్ అసిస్టెంట్ అని ఉద్యోగాల పేర్లున్నాయి కదా. హైస్కూల్లో లెక్కలో సైన్సో చెప్పే టీచర్ని మన రెండు రాష్ట్రాల్లోనూ స్కూల్ అసిస్టెంట్ అంటారు, పాఠం మొత్తం ఆయనే చెప్తాడు, పక్కన నిలబడి ఎవరికీ చాక్‌పీస్ అందించడు, పేరు మాత్రం అదే. అదే 'హెల్పర్' అంటే లారీ మీదో అంగన్‌వాడీలోనో కష్టం ఎక్కువా జీతం తక్కువా ఉన్న మనిషి గుర్తొస్తాడు. ఆ తేడా మన నౌకరీల లెక్కలోది, ఇంగ్లీషు క్రియల మధ్య లేదు. 'హెల్ప్'లో అమర్యాద ఏమీ లేదు. అమెరికాలో అయితే ఒకప్పుడు దీన్ని మర్యాద కోసమే వాడారు. ఇంట్లో పనిచేసే మనిషిని 'సర్వెంట్' అంటే వాళ్ళు ఒప్పుకునేవాళ్ళు కాదు, 'హెల్ప్' అనాలి. స్వతంత్ర దేశపు పౌరులం, నౌకర్లం ఎలా అవుతాం అని. 1832లో ఆ దేశం గురించి పుస్తకం రాసిన ఒక ఇంగ్లండు ఆవిడ దీని మీద బాగా వెటకారం చేసింది. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పనిమనిషి పోయి 'హెల్పర్' వచ్చింది చూడండి, ఆ దారే. జీతం పెంచారో లేదో నాకు తెలియదు.

మీ దృష్టితో చూస్తే 'అసిస్ట్' కష్టం తగ్గించదు, పెంచుతుంది. వస్తువుకి 'విత్', పనికి 'ఇన్' పెట్టి ఆపైన 'ఇంగ్' చేర్చాలి, "అసిస్ట్ యు ఇన్ ఫైండింగ్ ద ఆర్డర్". "అసిస్ట్ యు ఫైండ్" అనకూడదు. 'హెల్ప్' అయితే "హెల్ప్ యు ఫైండ్", అయిపోయింది. అన్నిటికీ మించి ఇంకొకటి. "హౌ మే ఐ అసిస్ట్ యు టుడే" అని రోజంతా అనేది ఎవరు? వెబ్‌సైట్ మూలన ఉండే చాట్‌బాట్. మిమ్మల్ని రోబో అనుకుంటున్న మనిషి ముందు ఆ వాక్యం పెడితే ఇక చెప్పేదేముంది. కంపెనీ ఇచ్చిన స్క్రిప్టులో ఉంటే ఉండనివ్వండి, మీరు సొంతంగా రాసే చోట "హౌ కెన్ ఐ హెల్ప్" చాలు.

సాయం అనే అర్థంలోనే ఇంకో రెండు మాటలున్నాయి, టూకీగా. 'ఎయిడ్' క్రియగా పేపర్లలో, కోర్టు కాగితాల్లో తప్ప మాటల్లో రాదు, ఫస్ట్ ఎయిడ్, ఎయిడెడ్ స్కూల్ లాంటి పేర్లలో మిగిలింది. దీని ఫ్రెంచి రూపమే విమానం పైలట్లు ప్రమాదంలో అరిచే 'మేడే'లో ఉంది. 1920ల్లో లండన్ దగ్గర క్రాయిడన్ విమానాశ్రయంలో పుట్టిందది. అక్కడి నుంచి విమానాలు ఎక్కువగా ప్యారిస్ వెళ్ళొచ్చేవి కాబట్టి నాకు సాయం చేయండి అనే ఫ్రెంచి మాటకి దగ్గరగా ఉండేది ఎంచుకున్నారు. 'సపోర్ట్' అంటే కింద నుంచి మోయడం. మన తెలుగులో సపోర్ట్ చేయడమంటే పక్షం వహించడం, గొడవలో నా వైపు మాట్లాడటం. అందుకే కస్టమర్ "ఐ నీడ్ సపోర్ట్" అంటే ఎవరితో గొడవ పడ్డాడా అనుకోకండి, ఆయన ఫోన్ పనిచేయట్లేదంతే.

'హెల్ప్' అలా పైకి సాయంలా కనబడని చోట్లు ఇంకొన్ని ఉన్నాయి, రేపో మాపో మీకు తగులుతాయి. "ఇట్ డిడ్ నాట్ హెల్ప్ దట్ ద యాప్ క్రాష్డ్" అన్నాడనుకోండి. దీన్ని తెలుగులో పెట్టాలంటే సాయం అనే మాట దగ్గరికే వెళ్ళకూడదు. "అసలే ఆలస్యం, దానికి తోడు యాప్ కూడా ఆగిపోయింది" అంటాం చూడండి, ఆ 'దానికి తోడు' అన్నదే ఇది. అలాంటి కస్టమర్ అప్పటికే ఒకసారి విసిగి మీ దగ్గరికి వచ్చాడని అర్థం, యాప్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకోండి అని వెంటనే అనకండి. "ఇట్ హెల్ప్స్ టు హావ్ ద ఆర్డర్ నంబర్" అంటే నంబర్ చేతిలో ఉంటే పని తేలికవుతుంది అని. ఇది మీరు కస్టమర్‌తో అనడానికి చాలా మంచి వాక్యం, నంబర్ ఇవ్వండి అని ఆర్డర్ వేసినట్టు ఉండదు.

"హెల్ప్ యువర్‌సెల్ఫ్" వింటే కూడా కంగారు పడొద్దు. నీ చావు నువ్వు చావు అని కాదు, కావలసింది తీసుకోండి, మొహమాటపడకండి అని. రేపు కంపెనీ పని మీద అమెరికా పంపిస్తే ఎవరింటికైనా భోజనానికి వెళ్తారు, ఆ ఇంటావిడ గిన్నెలన్నీ బల్ల మీద పెట్టి ఈ మాట అనేసి తన ప్లేట్ తను తీసుకుని కూర్చుంటుంది. మనవాళ్ళు అక్కడ ఇరుక్కుపోతారు, ఇంకాస్త వేసుకోండి అని ఎవరైనా గరిటె పట్టుకుని వస్తారేమో అని చూస్తూ. ఎవరూ రారు. ఆ మాటతోనే వడ్డన అయిపోయింది. రెండోసారి పెట్టుకోవడాన్ని 'సెకండ్ హెల్పింగ్' అంటారు, మన మారు వడ్డన. అది కూడా మీరే లేచి పెట్టుకోవాలి.

చెయ్యి విషయంలో మాత్రం జాగ్రత్త. బస్తా ఎత్తేటప్పుడు "ఓ చెయ్యి వెయ్యి" అంటాం. ఇంగ్లీషులోనూ చెయ్యి ఉంది, "గివ్ మి ఎ హ్యాండ్", ఇవ్వమనాలి. వెయ్యమని తర్జుమా చేసి "లే ఎ హ్యాండ్ ఆన్ మి" అన్నారంటే కొట్టమని అడిగినట్టవుతుంది.

చివరి ప్రశ్న, థ్యాంక్స్‌కి ఏమనాలి. 'వెల్‌కమ్' ఒక్కటే పెట్టడం మన దగ్గర చెల్లుతుంది గానీ అమెరికావాళ్ళకి ఇంటి గుమ్మం ముందు రండి రండి అన్నట్టు ఉంటుంది. "యు ఆర్ వెల్‌కమ్" అని పూర్తిగా రాయండి. ఇంకాస్త చనువుగా కావాలంటే "హ్యాపీ టు హెల్ప్", లేదా "గ్లాడ్ ఐ కుడ్ హెల్ప్". మొదటిదాంట్లో 'టు' ఉంది గమనించారా, అది 'హ్యాపీ' వల్ల వచ్చింది, తీసేయడానికి లేదు. రెండోది మాత్రం పని నిజంగా అయ్యాకే పెట్టండి. రీఫండ్ రాకముందే "గ్లాడ్ ఐ కుడ్ హెల్ప్" అని పెడితే ఆయన తిరిగి ఏం రాస్తాడో నేను చెప్పక్కర్లేదు.